కారు లోపల చారలు మిగలకుండా తుడవడం: ఏ గుడ్డ, ఏ ద్రవం, ఏ పూత?

సాయంత్రం నీడలో తుడిచినప్పుడు కొత్తదానిలా కనిపించిన డ్యాష్‌బోర్డు, మర్నాడు పొద్దుటి ఎండ ముందద్దంలోంచి ఏటవాలుగా పడేసరికి గుట్టు విప్పుతుంది. గుడ్డ పట్టుకున్న చేయి ఎటు నుంచి ఎటు తిరిగిందో, ఎక్కడ ఆగిందో, ఏ మూలను వదిలేసిందో ఆ గీతలను చూసి చెప్పేయవచ్చు. అప్పుడు మనలో చాలామంది చేసే పని, ఇంకాస్త ద్రవం చల్లి ఇంకాస్త గట్టిగా రుద్దడం. దానితో పాత చారల మీద కొత్త చారలు చేరతాయే తప్ప ఉన్నవి పోవు.

తడి ఆరిపోయాక ఉపరితలం మీద మిగిలిపోయిన పదార్థమే చార. అది ద్రవంలోని సబ్బు కావచ్చు, నీటిలో కరిగి ఉన్న లవణం కావచ్చు, ఊడివచ్చినా గుడ్డకు ఎక్కకుండా పక్కకు జరిగిన మురికి కావచ్చు, మెరుపు కోసం పూసి పూర్తిగా తుడవని సిలికోన్ కావచ్చు. అందుచేత ఈ పోలికలో ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్నతో కొలిచాను: ఆరిన తరువాత అది వెనుక ఏమి వదిలిపెడుతుంది? ధగధగలు, సువాసనలు, సీసా మీద రాసిన హామీలు ఆ తరువాతి సంగతి.

ఇప్పటికే చారలు పడి ఉంటే, కొత్త సీసా కొనేముందు అవి ఏ రకమో తెలుసుకోవడం మంచిది. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి బాగా పిండిన శుభ్రమైన గుడ్డతో ఒక జానెడు మేర తుడిచి చూడండి. చార పోయి మళ్లీ రాకపోతే అది సబ్బు మిగులు. ఇకమీదట సబ్బు తగ్గించి, చివర ఒకసారి మంచినీటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. అంచులు తెల్లగా, మధ్యలో మసకగా ఉన్న చుక్కలైతే అవి లవణపు మరకలు. నీటికి లొంగవు, నీళ్లలో కొద్దిగా కలిపిన తెల్ల వెనిగర్‌కు లొంగుతాయి. నీరు పరుచుకోకుండా చిన్న చిన్న బిందువులుగా విడిపోయి, వేలు తగిలిన చోట జిడ్డు ముద్ర పడుతుంటే అక్కడ పాత పాలిష్ పొర ఉన్నట్టు. ఆ పొరను ముందు పూర్తిగా తీసివేయకుండా దాని మీద ఏమి వాడినా చారలే వస్తాయి.

ముందు గుడ్డ సంగతి

డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే దేని మీద పెట్టాలని అడిగితే, గుడ్డల మీద అంటాను. మామూలు సబ్బు నీటితో మంచి గుడ్డ చేసే పనిని, చెడ్డ గుడ్డతో ఎంత ఖరీదైన ద్రవమూ చేయలేదు.

పాత నూలు బట్ట నీటిని బాగానే పీలుస్తుంది గాని, దాని పోగులు లావుగా ఉండడంతో సన్నని మురికిని పట్టుకోవడానికి బదులు ముందుకు తోస్తుంది. పైగా నూగు వదులుతుంది. నల్లని ప్లాస్టిక్ మీద ఆ నూగు తుడిచే ముందున్న దుమ్ము కంటే వికారంగా కనిపిస్తుంది. కాగితపు తువ్వాళ్లు అద్దానికి ఒక మేరకు పనికివస్తాయి గాని మెత్తని ప్లాస్టిక్‌ను, ముఖ్యంగా మీటర్ల ముందుండే పారదర్శకమైన మూతను సన్నగా గీస్తాయి. తడి గుంజుకోవడానికి షామీ గుడ్డ దిట్టే అయినా అది కారు బయటి పనికి తగినది. లోపలి మురికిని అది పట్టి ఉంచలేదు.

మిగిలింది మైక్రోఫైబర్. అందులోనూ అన్నీ ఒకటి కావు. ఇవి పాలియెస్టర్, పాలీఅమైడ్ కలిపి నేసినవి. సాధారణంగా 80:20 పాళ్లలోగాని 70:30 పాళ్లలోగాని దొరుకుతాయి. నీటిని పట్టుకునే గుణం పాలీఅమైడ్ భాగంతో పెరుగుతుంది కాబట్టి అద్దానికీ, చివరి తుడుపుకూ 70:30 కొంచెం మెరుగు. చదరపు మీటరుకు 300 నుంచి 400 గ్రాముల బరువున్నవి డ్యాష్‌బోర్డుకు, తలుపు ప్యానెళ్లకు సరిపోతాయి. అంతకంటే బరువైన కుచ్చు గుడ్డలు చేతికి హాయిగా ఉంటాయి గాని, ఎక్కువ నీటిని మోస్తూ పోయిన చోటల్లా తడి వదులుతాయి. అద్దానికి మాత్రం కుచ్చు లేని, తేనెపట్టులాంటి గళ్ల నేత ఉన్నదే ఎంచుకోండి.

మంచి గుడ్డను కూడా ఉతుకులో పాడుచేసుకోవచ్చు. బట్టలు మెత్తబడడానికి వేసే ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోగుల మీద జిడ్డు పూతలా పట్టుకుని, తరువాత తుడిచిన ప్రతిచోటా అంటుకుంటుంది. ఎన్ని ద్రవాలు మార్చినా చారలు ఎందుకు వస్తున్నాయో అంతుపట్టక నేను చాలాకాలం తికమకపడ్డాను. దోషం ఉతికే చోట ఉందని ఆలస్యంగా తెలిసింది. వీటిని నూలు బట్టలతో కలపకుండా, తక్కువ డిటర్జెంటుతో ఉతికి, ఎక్కువ వేడి తగలకుండా ఆరబెట్టాలి.

గుడ్డను నాలుగు మడతలు వేస్తే రెండు వైపులా కలిపి ఎనిమిది ముఖాలు దొరుకుతాయి. ఒక్కో భాగానికి ఒక్కో ముఖం వాడుతూ పోవడమే చారలను ఆపే ఉపాయాల్లో అన్నిటికంటే చవకైనది. తడి ఎంత ఉండాలన్నదానికి నా కొలత ఇది: గుడ్డ జరిగిన వెనుక సన్నని తడి జాడ కనిపించాలి, నాలుగైదు సెకన్లలో దానంతట అదే మాయం కావాలి. జాడ అలాగే నిలిచి, అంచున నీటి గీత కడుతుంటే గుడ్డను ఇంకా పిండాలి.

తుడిచే ద్రవాలు

వారానికోసారి పేరుకునే దుమ్ముకు ఏ ద్రవమూ అక్కర్లేదు. ముందు వాక్యూమ్ గాని మెత్తని కుంచె గాని వాడి వదులు దుమ్మును తీసేసి, తడిపి పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో మరొకసారి తుడిస్తే మిగిలేది ఏమీ ఉండదు. నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఒక కారు లోపలికంతటికీ అర లీటరు చాలు. ఈ పద్ధతి చేతుల జిడ్డును, చిందిన పానీయాలను తీయలేదు. అలాంటివి లేనప్పుడు మాత్రం దీన్ని మించిన ఎంపిక నాకు కనబడదు.

జిడ్డు ఉన్నప్పుడు పోటీ ప్రధానంగా మూడింటి మధ్య ఉంటుంది: తేలికపాటి సబ్బు నీరు, కారు లోపలి భాగాల కోసమే తయారైన స్ప్రే, అన్ని పనులకూ వాడే గాఢమైన క్లీనర్.

సబ్బు నీరంటే లీటరు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవపు సబ్బు నాలుగైదు చుక్కలు, అంతే. నురగ వచ్చిందంటే ఎక్కువైనట్టే. ఇది జిడ్డును బాగా వదిలిస్తుంది, దాదాపు ఏ ప్లాస్టిక్‌కూ హాని చేయదు. దీని లోపం ఒక్కటే: దానంతట అది ఆవిరై పోదు, కాబట్టి సబ్బు గుడ్డ తరువాత మంచినీటి గుడ్డ, దాని తరువాత పొడి గుడ్డ అని మూడు తుడుపులు తప్పవు. మధ్య తుడుపును ఎగవేసినవారికి మసక చారలు ఖాయం. ఆ చారలు కాస్త జిగురుగా ఉండి దుమ్మును పిలిచి కూర్చోబెడతాయి కూడా.

ఇంటీరియర్ డిటైలర్ అనే పేరుతో దొరికే స్ప్రేలు ఈ మధ్య తుడుపును తప్పించడానికే తయారయ్యాయి. వాటిలో సబ్బు శాతం తక్కువ, మిగులు తక్కువ; కొన్నింటిలో దుమ్మును ఆకర్షించే స్థిర విద్యుత్తును తగ్గించే పదార్థమూ ఉంటుంది. వీటి బలహీనత గట్టి మురికి దగ్గర బయటపడుతుంది. అరచేతులు ఆనించే తలుపు అంచు మీద నెలల తరబడి పేరుకున్న నల్లటి జిడ్డును ఇవి కదిలించి వదిలేస్తాయి, తీసుకుపోవు. కొనేటప్పుడు సీసా మీద మెరుపు లేని సహజ రూపు ఇస్తుందని ఉందా, నిగనిగ ఇస్తుందని ఉందా అన్నది చూడండి. రెండవ రకంలో తుడిచే ద్రవంతో పాటు పూత కూడా కలిసి ఉంటుంది; అది మురికిని తీస్తూనే మురికి మీద పూత పూస్తుంది కాబట్టి నాకు నచ్చదు.

ఆల్ పర్పస్ క్లీనర్లు సాధారణంగా క్షార గుణం ఉన్నవి. ఒక వంతుకు పది వంతుల నీరు కలిపి తలుపు గడపలకు, కాళ్ల దగ్గరి గట్టి ప్లాస్టిక్‌కు, రబ్బరు మ్యాట్లకు వాడితే వీటికి సాటి లేదు. తోలు మీద, మెత్తని పైపొర ఉన్న డ్యాష్‌బోర్డు మీద, మెరిసే ట్రిమ్ (అలంకార పట్టీల) మీద వాడితే మాత్రం రంగు మసకబారే ప్రమాదముంది. ఎండలో వేడెక్కిన ప్యానెల్ మీద చల్లితే తుడిచేలోపే ఆరి, నీళ్లు జారిన దారులు అచ్చు పడతాయి. మూసి ఉన్న కారు ఎండలో నిలిస్తే డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. చేయి పెట్టి నిమ్మళంగా ఉంచగలిగేంత చల్లబడే దాకా ఏ ద్రవాన్నీ తెరవకపోవడమే మేలు.

ముందే తడిపి ఇచ్చే వైప్స్ ప్రయాణంలో చిందిన కాఫీకి మంచివే. కారు మొత్తాన్ని వాటితో తుడవడం దండగ: ఒక్కో వైప్ సగం దారిలోనే ఆరిపోయి, అప్పటిదాకా పట్టుకున్న మురికిని గీతలుగా పరుస్తుంది. పసిపిల్లల వైప్స్‌లో చర్మం కోసం కలిపే మెత్తదనపు పదార్థాలు ఉంటాయి, అవి ప్లాస్టిక్ మీద పొరగా మిగులుతాయి.

ఆల్కహాల్ సంగతి వేరు. అది త్వరగా ఆవిరవుతుంది, ఏమీ మిగల్చదు. చారల లెక్కన చూస్తే దానికే మొదటి బహుమతి. కానీ తోలు పైపూతను క్రమంగా కరిగిస్తుంది, మీటర్ల ముందుండే పారదర్శక ప్లాస్టిక్ మూతలో వెంట్రుకవాసి పగుళ్లు తేగలదు, తెరల మీది పూతను అరగదీస్తుంది. కాబట్టి నీళ్లు కలిపి గాజు అద్దానికే పరిమితం చేయండి. తెల్లటి మెలమైన్ స్పాంజి కూడా ఇలాంటి ఆకర్షణే: నీటితోనే మరకలు పోగొడుతున్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి అతి సన్నని ఉప్పుకాగితంలా పైపొరను గీకుతుంది.

ఇక్కడ డ్యాష్‌బోర్డు గరుకు గురించి ఒక మాట చెప్పాలి. కన్ను దగ్గర పెట్టి చూస్తే దాని ఉపరితలం తోలును పోలిన చిన్న చిన్న గుంటలతో నిండి ఉంటుంది. గుడ్డ ఎత్తుల మీదుగా జారిపోతుంది, ద్రవం గుంటల్లో నిలుస్తుంది. ఆరాక ఆ గుంటల అడుగున బూడిద రంగు చుక్కలు మిగిలి, దూరం నుంచి చూస్తే అవే చారల్లా కలిసిపోతాయి. అలాంటి చోట ఎంత మంచి గుడ్డయినా ఒంటరిగా చాలదు. ద్రవాన్ని మెత్తని వెంట్రుకల కుంచెకు పట్టించి గుండ్రంగా తిప్పి, వెంటనే గుడ్డతో అద్దితే గుంటల్లోని మురికి పైకి వచ్చేస్తుంది. ఏసీ వెంట్ల రెక్కలకూ, మీటల చుట్టూ ఉండే సందులకూ అదే కుంచె పనికివస్తుంది.

ఏది వాడినా గుడ్డ మీదే చల్లాలి. ప్యానెల్ మీద నేరుగా చల్లితే తుంపరలు మీటల సందుల్లోకి, స్పీకర్ జాలీల్లోకి పోవడమే గాక, పక్కనున్న అద్దం మీద కూడా పడి మరో పని పెడతాయి.

మెరిసే నల్ల ప్లాస్టిక్, తెరలు, అద్దం

గేర్ చుట్టూ, తెర చుట్టూ వచ్చే నల్లటి నిగనిగల ప్లాస్టిక్‌ను తయారుచేసినవారు దాన్ని ఎప్పుడూ తుడిచి ఉండరని నా అనుమానం. దుమ్ము పట్టిందని ఒకసారి దాన్ని పొడి గుడ్డతో చకచకా తుడిచాను. గుడ్డ కొత్తదే, చేయి తేలికే, అయినా ఆ దుమ్ములోని ఇసుక రేణువులు సాలెగూడులాంటి సన్నగీతలు గీసి పెట్టాయి, అవి నేటికీ ఉన్నాయి. ముందు మెత్తని కుంచెతో గాని గాలి ఊది గాని దుమ్మును లేపేసి, తడి గుడ్డను బరువు వేయకుండా ఒకే దిశలో లాగి, వెంటనే పొడి ముఖంతో అద్దడమే దీనికి సరైన పద్ధతి. పాలిష్‌లు దీనికి అవసరం లేదు. పూసిన ప్రతి పాలిష్ మీదా వేలిముద్రలు రెట్టింపు స్పష్టంగా పడతాయి.

టచ్‌స్క్రీన్‌కు డిస్టిల్డ్ వాటర్‌తో చెమ్మగిల్లిన గుడ్డ చాలు. తెర ఆపి తుడిస్తే జిడ్డు మచ్చలు బాగా కనిపిస్తాయి, పొరపాటున ఏ మీటా నొక్కుకోదు. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌ను తెర దగ్గరకు రానివ్వకండి. కిటికీలకు లోపలి వైపు టింట్ ఫిల్మ్ అంటించి ఉంటే వాటికి కూడా అమ్మోనియా పనికిరాదు, ఫిల్మ్‌ను పాడుచేస్తుంది.

కారు లోపలి అద్దాలు ఇంటి అద్దాల కంటే మొండివి, దానికి కారణం ఉంది. ప్లాస్టిక్, రెక్సిన్ భాగాలు వేడెక్కినప్పుడు వాటిలోంచి వెలువడే ఆవిర్లు చల్లని గాజు మీద పేరుకుని పలుచని నూనె పొరగా మారతాయి; కొత్త కార్లలో ఇది మరీ ఎక్కువ. రాత్రి ఎదురు వాహనాల లైట్లు పడినప్పుడు ముందద్దం మీద కనిపించే పాల మబ్బు చాలామటుకు ఇదే. ఒక్క తుడుపుకు ఈ పొర లేచి మరోచోట కూర్చుంటుంది. అందుకే ఇక్కడ రెండు గుడ్డలు తప్పనిసరి: మొదటిది ద్రవంతో జిడ్డును కరిగించి ఎత్తుకుపోవడానికి, రెండవది పూర్తిగా పొడిగా, చివరి తేమ తీయడానికి. ద్రవం అమ్మోనియా లేని గ్లాస్ క్లీనర్ కావచ్చు, లేదా ఫిల్మ్ లేని గాజుకు సగానికి సగం నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావచ్చు. జిడ్డు పొర ముదిరి ఉంటే నా ఓటు ఆల్కహాల్‌కే, డ్యాష్‌బోర్డు మీద కారకుండా కింద ఒక తువ్వాలు పరిచిన తరువాత.

మెరుపు పూతలు: అసలు అవసరమా?

ఇప్పటి కార్లలో పాలీప్రొపిలీన్, ఏబీఎస్ వంటి గట్టి ప్లాస్టిక్‌లకు పోషణ అనేది అక్కర్లేదు. అవి ఏమీ పీల్చుకోవు. పీవీసీ పైపొర ఉన్న భాగాల్లో మెత్తదనాన్నిచ్చే పదార్థాలు ఏళ్ల తరబడి వేడికి తగ్గిపోతాయన్నది నిజమే, అయితే పైన పూసిన డ్రెస్సింగ్ (మెరుపు పూత) వాటిని తిరిగి లోపలికి పంపలేదు. అది చేసేది రంగును కాస్త ముదురుగా చూపడం, కొన్ని రకాల్లో అతినీలలోహిత కిరణాల నుంచి కొంత రక్షణ ఇవ్వడం. ఆ కిరణాల్లో చాలా భాగాన్ని ముందద్దపు రెండు గాజు పలకల మధ్యనుండే పొర ఇదివరకే ఆపుతుంది. డ్యాష్‌బోర్డును ముసలిదాన్ని చేసేవాటిలో వేడిది పెద్ద వాటా. కాబట్టి రక్షణే లక్ష్యమైతే ముందద్దానికి అడ్డంగా పెట్టే సన్‌షేడ్ ఏ పూత కంటే కూడా మంచి ఎంపిక.

అయినా పూత కావాలనుకుంటే మూడు రకాలున్నాయి. ద్రావకం ఆధారంగా ఉండి, పారదర్శకంగా, జిడ్డుగా, చిక్కగా ఉండే సిలికోన్ పాలిష్‌లు తక్షణమే తళతళ మెరిపిస్తాయి, ఎక్కువ రోజులు ఉంటాయి. చారల విషయంలో ఇవే అన్నిటికంటే ఘోరం. పొర ఎక్కడ మందమైతే అక్కడ మెరుపు, ఎక్కడ పలుచనైతే అక్కడ మసక. దుమ్ము వాటికి అతుక్కుంటుంది, డ్యాష్‌బోర్డు ప్రతిబింబం ముందద్దంలో తేలి రోడ్డు మీద చూపును చెరుపుతుంది. వీటిని లోపలి భాగాలకు వద్దనే అంటాను, టైర్లకు వాడుకోవచ్చు. నీటి ఆధారంగా ఉండి పాలలా తెల్లగా కనిపించే డ్రెస్సింగ్‌లలో కూడా సిలికోన్ ఉంటుంది గాని, చిన్న బిందువులుగా చెదిరి ఉండడంతో పలుచగా, సమంగా పరుచుకుంటుంది. నీళ్లు కలిపి మెరుపును తగ్గించుకునే వీలున్నవీ ఉంటాయి. మూడవది, ముట్టుకుంటే పొడిగా తగిలే, మెరుపు లేని ప్రొటెక్టెంట్. ఇది తుడిచినట్టు కనిపిస్తుంది తప్ప పూసినట్టు కనిపించదు, వేలికి ఏమీ అంటదు. లోపలికి నా మొదటి ఎంపిక ఇదే, పాల రకం రెండవది.

పూసే తీరు పూత రకం అంత ముఖ్యమైనది. ఫోమ్ ప్యాడ్ మీద చిక్కుడు గింజంత ద్రవం వేసి, ఒక ప్యానెల్ ముగిశాకే రెండవది మొదలుపెట్టి, రెండు మూడు నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో గట్టిగా తుడవాలి. పూసినదాంట్లో సగం గుడ్డకే తిరిగి వచ్చేస్తుందే అని బాధపడనక్కర్లేదు, రావలసింది అదే. తరువాత తెల్లని టిష్యూ కాగితాన్ని అక్కడ నొక్కి చూడండి. తడి ముద్ర పడితే ఇంకోసారి తుడవాలి. స్టీరింగ్, గేర్ నాబ్, పెడళ్లు, సీటు బెల్టుల మీద ఏ డ్రెస్సింగూ పడకూడదు. చేయీ కాలూ జారితే జరిగేది చార కంటే చాలా పెద్ద విషయం. సీటు బెల్టును తేలికపాటి సబ్బు నీటితో తుడిచి, పూర్తిగా బయటకు లాగి ఉంచి ఆరనివ్వడమే పద్ధతి. ఎయిర్‌బ్యాగ్ మూతలను చెమ్మ గుడ్డతో తుడవవచ్చు, తడిసేలా చల్లకూడదు.

తోలు, రెక్సిన్, స్వెడ్

సీట్ల విషయంలో ముందు తేల్చుకోవలసింది అది నిజంగా తోలేనా అన్నది. రెక్సిన్ అయితే కథ అక్కడితో సరి: సబ్బు నీరు, మంచినీరు, పొడి గుడ్డ. దానికి లెదర్ కండిషనర్ పూస్తే పీల్చుకునే దారి లేక పైనే నిలిచి, కూర్చున్నవారి బట్టలకు అంటుకుంటుంది.

నిజమైన తోలు సీట్లలో కూడా అత్యధికం రంగు వేసి, పైన పాలీయురిథేన్ పూత పూసినవే. కంటికి కనబడని చోట ఒక నీటి చుక్క వేసి ఒక నిమిషం చూడండి. చుక్క గుండ్రంగా నిలిచి, తుడిస్తే జాడ లేకుండా పోతే పూత ఉన్న తోలు; చుక్క కింద తోలు ముదురు రంగుకు తిరిగి నీటిని తాగితే పూత లేని, సున్నితమైన అనిలైన్ తోలు. మొదటి రకానికి శుభ్రతే ప్రధాన పోషణ: చెమట, చర్మపు జిడ్డు, బట్టల రంగు పేరుకుని పూతను తినేయకుండా రెండు మూడు నెలలకోసారి లెదర్ క్లీనర్‌తో మెత్తని కుంచె వాడి తుడిస్తే చాలు. కండిషనర్ ఏడాదికి రెండుసార్లు మించి వాడడంలో నాకు ప్రయోజనం కనిపించలేదు. అదీ నీటి ఆధారిత రకం, పలుచగా పూసి, మిగులును తుడిచేయాలి. రెండవ రకానికి కండిషనర్ నిజంగా అవసరం, దానికోసమే చేసినది వాడాలి. సబ్బు, క్షార ద్రవాలు ఆ తోలుకు పడవు. తోలు స్వభావరీత్యా కొద్దిగా ఆమ్ల గుణం గలది.

వంటింటి నూనెలు తోలుకు మంచివన్న మాట ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంటుంది. అవి ఆరవు, కొన్నాళ్లకు ముక్కిన వాసన వేస్తాయి, దుమ్మును పట్టుకుంటాయి. సీటుకు చిల్లుల డిజైన్ ఉంటే ఏ ద్రవాన్నీ నేరుగా చల్లకండి. చిల్లుల్లోంచి లోపలి హీటర్, ఫ్యాన్ భాగాల్లోకి దిగుతుంది, క్రీము అయితే చిల్లుల్లోనే ఎండి తెల్లని చుక్కలుగా మిగులుతుంది.

స్వెడ్‌లా, అంటే నూగు లేచిన మెత్తని తోలులా కనిపించే అల్కాంటారా నిజానికి తోలు కాదు, పాలియెస్టర్, పాలీయురిథేన్‌లతో చేసిన వస్త్రం. కండిషనర్‌కు దాని మీద చోటే లేదు. చెమ్మ గుడ్డతో అద్ది, ఆరాక మెత్తని కుంచెతో నూగును లేపితే పాత రూపం వస్తుంది.

ఎవరికి ఏది

కారు కొత్తది, వారానికోసారి తుడిచే ఓపిక ఉంది అనుకుంటే డిస్టిల్డ్ వాటర్, ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక మెత్తని కుంచె, ఒక సన్‌షేడ్ కొనుక్కుని ఊరుకోండి. సమయం లేదు, నెలకోసారే కుదురుతుంది అంటే సహజ రూపు ఇచ్చే ఇంటీరియర్ స్ప్రే తీసుకోండి. తుడుపుల సంఖ్య తగ్గడమే దాని విలువ. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఎక్కే కారైతే స్ప్రే ఒక్కటి చాలదు, కింది భాగాలకు నీళ్లు కలిపిన ఆల్ పర్పస్ క్లీనర్ కూడా ఉండాలి. దాన్ని వేరే రంగు గుడ్డలతోనే వాడండి, పొరపాటున అదే గుడ్డ తోలు మీదికి పోకుండా.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు డ్యాష్‌బోర్డు మీద ఏళ్లనాటి పాలిష్ పొర ఉంటే పని ఎక్కువే. సబ్బు నీటిని కుంచెతో పట్టించి చిన్న చిన్న భాగాలుగా, నీరు బిందువులు కట్టడం మానేదాకా రెండు మూడు విడతలు తీయాలి. గుడ్డ పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంటే పొర వస్తున్నట్టే. ఒక్క రోజులో ముగించాలనుకోకండి. పొర పూర్తిగా పోయాక రంగు వెలిసినట్టు అనిపిస్తే, అప్పుడు నీటి ఆధారిత డ్రెస్సింగ్‌ను వాడడంలో అర్థముంది.

ఏ సరంజామా ఎంచుకున్నా వరుస మాత్రం ఒకటే: వాక్యూమ్, పైనుంచి కిందికి ప్యానెళ్లు, సీట్లు, పూతలు, అన్నిటికంటే చివర అద్దాలు. ముందే అద్దం తుడిస్తే తరువాతి ద్రవాల తుంపరలు దాని మీదే పడతాయి. అద్దాన్ని లోపలి వైపు నిలువుగా, బయటి వైపు అడ్డంగా తుడవండి. ఎండ పడినప్పుడు చార నిలువుగా కనిపిస్తే అది లోపలిది, అడ్డంగా కనిపిస్తే బయటిది. ఏ వైపు చేయి పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.